మునిగింది టైటానికే: ఏటా తిరిగొచ్చే ఒక ఫార్వర్డ్‌కు జవాబు

ఏప్రిల్ వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇదీ. 1912 ఏప్రిల్ 15న అట్లాంటిక్‌లో మునిగింది టైటానిక్ కాదు, దాని జోడు ఓడ ఒలింపిక్. ఒలింపిక్ అంతకుముందే ఒక యుద్ధనౌకను గుద్దుకుని బాగు చేయడానికి వీల్లేకుండా పోయింది. బీమా డబ్బు కోసం రెండు ఓడల పేర్లూ తారుమారు చేసి, పాతదాన్ని కొత్తదాని పేరుతో ముంచేశారు. చేయించింది ఓడల యజమాని, అమెరికా బ్యాంకరు జె.పి. మోర్గాన్, ఆయన ఆఖరి నిమిషంలో ప్రయాణం మానుకున్నాడు. పనిలో పనిగా, అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ అనే కేంద్ర బ్యాంకు రాకుండా అడ్డుపడుతున్న ముగ్గురు కోటీశ్వరుల్ని కూడా వదిలించుకున్నాడు. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి కాలిఫోర్నియన్ అనే ఓడను ముందే దగ్గర్లో నిలిపి ఉంచారు, కానీ లెక్క తప్పింది. బతికి బయటపడ్డ సిబ్బంది నోళ్లు మూయించారు.

ఇందులో కుట్ర ఒకటి కాదు, రెండు. పైగా ఒకదానికొకటి అడ్డం. బీమా కోసమైతే జనం బతికి బయటపడాలి, రక్షణ ఓడ కథ అందుకే. ముగ్గురిని చంపడానికైతే జనం మునగాలి. ఒకే మనిషి ఒకే రాత్రి ఈ రెండూ ఎలా కోరుకున్నాడో రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. అలాగని మొత్తం చెత్తబుట్టలో వేసేస్తే సరిపోదు, ఎందుకంటే ఇందులో అక్కడక్కడా నిజాలున్నాయి. సందేశం అంత దూరం వెళ్లడానికి కారణం ఆ నిజాలే. అందుకని ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

మొదటిది, ఒలింపిక్ దెబ్బ. గుద్దుకున్న మాట నిజమే. 1911 సెప్టెంబరు 20న, ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో ఐల్ ఆఫ్ వైట్ పక్కనున్న జలసంధిలో, హాక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఒలింపిక్ కుడి పక్క వెనక భాగంలోకి దూసుకొచ్చింది. ఆ రోజు ఒలింపిక్ కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్, తర్వాత టైటానిక్‌తో పాటు మునిగిపోయిన స్మిత్ ఆయనే. రెండు అరల్లోకి నీళ్లొచ్చాయి, ఎవరూ చనిపోలేదు. ఓడ సొంత శక్తితోనే సౌతాంప్టన్ చేరింది. తాత్కాలికంగా అతుకులేసి, బెల్ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డుకు తీసుకెళ్లి, ఆరేడు వారాలు పని చేసి, నవంబరు చివరికల్లా మళ్లీ ప్రయాణికులతో అట్లాంటిక్ దాటించారు. నడుం విరిగిందన్న ఓడ ఆ చలికాలమంతా న్యూయార్క్‌కు తిరుగుతూనే ఉంది. 1912 ఫిబ్రవరి 24న ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఊడిపోతే మార్చి మొదటి వారంలో ఇంకోసారి బెల్ఫాస్ట్‌కు వచ్చింది. ఫార్వర్డ్ ప్రకారం మార్పిడి జరిగింది ఆ వారంలోనే.

ఇక్కడ దాగున్న నిజం ఇంకోటి ఉంది. తప్పు ఒలింపిక్‌దేనని కోర్టు తేల్చింది, కాబట్టి రిపేరు ఖర్చు ఈ ఓడల సొంతదారైన వైట్ స్టార్ కంపెనీ మీదే పడింది. వాళ్లకు అది నష్టమే, కాదనలేం. అయితే ఆ నష్టం పూడ్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్నారని చెబుతున్న దారి చూడండి. టైటానిక్ కట్టడానికి అయిన ఖర్చు దాదాపు 15 లక్షల పౌండ్లు. దాని మీద ఉన్న బీమా 10 లక్షల పౌండ్లు. ఒలింపిక్‌కూ అంతే. మిగతా 5 లక్షల రిస్కు కంపెనీ తన నెత్తి మీదే పెట్టుకుంది. అంటే ఓడ మునిగితే, క్లెయిము మొత్తం చేతికొచ్చినా 5 లక్షలు పోయినట్టే. దానికి తోడు సరుకు, పరువు, తర్వాత వచ్చిన దావాలు. అదే ఒలింపిక్‌ను మళ్లీ బాగు చేయడం అందులో చిన్న వంతుతో అయిపోయే పని. లాభం కోసం చేసిన మోసంలో అసలుకే మోసం వచ్చే లెక్క ఏ గుమాస్తా వేశాడో!

ఇంతకూ ఒలింపిక్ పేరుతో మిగిలిన ఓడ ఏమైందో కూడా చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసింది. 1918 మేలో జర్మన్ జలాంతర్గామి యూ-103ను గుద్ది ముంచింది. 1935 దాకా తిరిగి, ఆ తర్వాత తుక్కుకు వెళ్లింది. అది కొత్త టైటానిక్కే కాబట్టి అంతకాలం నిలిచిందని ఫార్వర్డ్ పంపేవాళ్లు అంటారు. సరే, అదే నిజమైతే ఆ సంగతి ఓడల ఒంటి మీదే కనబడాలి కదా. కనబడుతుంది కూడా, కాకపోతే వాళ్లకు ఎదురుగా.

మార్పిడి వాదానికి ఆధారంగా చూపించే ఫోటో ఒకటుంది. 1911 మే 31న నీళ్లలోకి దించినప్పుడు టైటానిక్ ముందు భాగంలో, సి డెక్ (డెక్ అంటే ఓడలో అంతస్తు) వరుసలో, 14 గుండ్రటి కిటికీలున్నాయి. 1912 ఏప్రిల్‌లో బయల్దేరినప్పటి ఫోటోలో 16. చూశారా, ఓడ మారిపోయింది అంటారు. ఓడను నీళ్లలోకి దించడమంటే ఖాళీ డొక్కను దించడం మాత్రమే. ఆ తర్వాత పది నెలల పాటు లోపల గదులు, పొగగొట్టాలు, యంత్రాలు, అలంకారాలు బిగిస్తూనే ఉన్నారు. ఆ పనుల్లోనే ఇంకో రెండు కిటికీలు కోశారు. తర్వాత ఒలింపిక్‌కూ ఆ రెండూ పెట్టారు. పెళ్లినాటి ఫోటోలో లేని కళ్లజోడు షష్టిపూర్తి ఫోటోలో కనబడిందని మనిషి మారిపోయాడనం కదా.

అసలు తేడాలు వేరే చోట ఉన్నాయి, వాటి గురించి ఫార్వర్డ్ ఒక్క ముక్కా చెప్పదు. ఒలింపిక్ బి డెక్‌లో ప్రయాణికులు నడవడానికి ఓడ రెండు పక్కలా పొడుగాటి వసారా ఉండేది. బయట నుంచి చూస్తే సమానమైన ఎడంతో కిటికీల వరుస కనబడేది. ఆ వసారాను ఎవరూ పెద్దగా వాడడం లేదని ఒలింపిక్ మొదటి ప్రయాణంలోనే తేలింది. దాంతో టైటానిక్‌లో ఆ జాగా అంతా గదులకు కలిపేశారు. రెండు ఖరీదైన సూట్లకు, అంటే కలిసి ఉన్న గదుల వాటాలకు, సొంత వసారాలు, వెనక వైపు ఒక పారిస్ తరహా కెఫే వచ్చాయి. అందుకే టైటానిక్ బి డెక్ కిటికీలు సన్నగా, వెడల్పుగా, దగ్గరగా, దూరంగా, లెక్కాపత్రం లేనట్టు ఉంటాయి. దాని పైన ఎ డెక్‌లో ముందు సగానికి గాజు కిటికీల తెర కట్టారు, సముద్రపు తుంపర్లు మీద పడకుండా. ఒలింపిక్ ఎ డెక్ మాత్రం చివరిదాకా బాహాటంగానే ఉండిపోయింది.

ఈ మార్పుల వల్లే కాగితం మీద కూడా రెండు ఓడలకూ తేడా వచ్చింది. ఓడ టన్నేజీ అంటే బరువు కాదు, మూసి ఉన్న జాగా ఎంతో చెప్పే కొలత. ఒలింపిక్‌ది 45,324. టైటానిక్‌ది 46,328. వెయ్యి టన్నులకు పైగా తేడా. ఇప్పుడు ఆ మార్చి వారాన్ని ఊహించుకోండి. ఒక ఓడలో బి డెక్ వసారాలు పీకి సూట్లు కట్టాలి, ఇంకో ఓడలో సూట్లు పీకి వసారాలు పెట్టాలి. కార్పెట్లు, పింగాణీ, నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు, అన్నీ. వారం తిరక్కుండా ఒలింపిక్ బెల్ఫాస్ట్ వదిలి వెళ్లి, ఆ నెలలోనే ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. వేలమంది పనిచేసే యార్డులో, పక్కపక్కన నిలబెట్టిన ప్రపంచంలోకెల్లా పెద్ద రెండు ఓడలకు ఇదంతా చేశారట. ఆ ఊళ్లో ఒక్కడూ సారా దుకాణంలో కూడా నోరు జారలేదట.

శిథిలం దొరికాక ఈ వాదన అక్కడికక్కడే ముగిసిపోవాల్సింది. 1985 సెప్టెంబరు 1న, రాబర్ట్ బల్లార్డ్, జాన్-లూయీ మిషెల్ నాయకత్వంలోని అమెరికా-ఫ్రాన్స్ బృందం దాన్ని దాదాపు 3,800 మీటర్ల లోతులో కనిపెట్టింది. ముందు భాగం చాలావరకు నిలిచి ఉంది. ఎ డెక్ గాజు తెర చట్రాలు ఉన్నాయి. బి డెక్ కిటికీలు ఆ అడ్డదిడ్డపు వరసలోనే ఉన్నాయి. ప్రొపెల్లర్ మీద 401 అనే అంకె కనిపించింది. హార్లండ్ యార్డు లెక్కలో 400 ఒలింపిక్, 401 టైటానిక్. దీనికి కూడా జవాబు సిద్ధం చేసుకున్నారు, టైటానిక్ ప్రొపెల్లర్ తీసి ఒలింపిక్‌కు బిగించారు అని. ప్రొపెల్లర్ ఒక్కటే అయితే అనొచ్చు. బి డెక్‌ను కూడా విప్పి బిగించారా? ఈ ప్రశ్న దగ్గర ఫార్వర్డ్ మౌనం.

మోర్గాన్ సంగతి తొందరగా ముగించొచ్చు. ఆయన నడిపిన ఇంటర్నేషనల్ మర్కంటైల్ మెరైన్ సంస్థ 1902 నుంచీ వైట్ స్టార్ యజమాని. ఆయన రావాల్సిన మాటా, రాకపోయిన మాటా రెండూ నిజమే. ఓడ మునిగినప్పుడు ఫ్రాన్స్‌లో ఎక్స్-లే-బాన్ అనే వేడినీటి ఊటల ఊళ్లో ఉన్నాడు. అప్పటికి 75 ఏళ్లు నిండబోతున్నాయి. అయితే మానుకున్నది ఆయనొక్కడే కాదు. చాక్లెట్ల వ్యాపారి మిల్టన్ హెర్షీ అడ్వాన్సు కట్టి కూడా వేరే ఓడ ఎక్కాడు. ఉక్కు వ్యాపారి హెన్రీ ఫ్రిక్ భార్య కాలు మడతపడి ఆగిపోయాడు. ఏ పెద్ద ఓడ బయల్దేరినా టికెట్లు రద్దు చేసుకునేవాళ్లు ఉంటారు. మునగని ఓడల్లో మానుకున్నవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టుకోరు, అంతే తేడా. ఇక ఎక్కినవాళ్లను చూడండి. వైట్ స్టార్ అధినేత బ్రూస్ ఇస్మే ఎక్కాడు. ఓడ రూపశిల్పి థామస్ ఆండ్రూస్ ఎక్కాడు, చనిపోయాడు. ఆయన వెంట యార్డు నుంచి వచ్చిన ఎనిమిది మందీ చనిపోయారు. ఓడ మార్పిడి సంగతి ఎవరికైనా తెలిసి ఉండాలంటే ముందు తెలియాల్సింది వీళ్లకే.

ముగ్గురు కోటీశ్వరుల కథ దగ్గర కాస్త ఆగాలి. ఈ మధ్య ఎక్కువ తిరుగుతున్నది ఇదే.

ఆ ముగ్గురూ జాన్ జేకబ్ ఆస్టర్, బెంజమిన్ గుగెన్‌హైమ్, మేసీస్ దుకాణాల భాగస్వామి ఇసిడోర్ స్ట్రాస్. ముగ్గురూ చనిపోయిన మాట నిజం. ఫెడరల్ రిజర్వ్‌ను వ్యతిరేకించారన్నదానికి మాత్రం ఆధారమంటూ లేదు. ఆస్టర్, గుగెన్‌హైమ్ ఆ విషయం మీద బహిరంగంగా మాట్లాడిన జాడే లేదు. స్ట్రాస్ విషయంలో 1911 నాటి పత్రికల్లో కనిపించేది వ్యతిరేకత కాదు, అనుకూలత. పైగా అప్పటికి వాల్ స్ట్రీట్ పెద్దలు కోరుకున్న కేంద్ర బ్యాంకు పథకం సెనేటర్ ఆల్డ్రిచ్ పేరు మీద ఉండేది. 1912 చివర్లో డెమోక్రాట్లు గెలవడంతో అది అటకెక్కింది. 1913 డిసెంబరు 23న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకం చేసిన చట్టం వేరే రూపంలో, కాంగ్రెస్‌లో నెలల తరబడి వాదోపవాదాలు నడిచాక వచ్చింది. మోర్గాన్ ఆ ఏడాది మార్చి 31నే రోమ్‌లో కన్నుమూశాడు.

అదంతా పక్కన పెట్టినా, ఓడ మీద ఆ రాత్రి జరిగింది చూస్తే చాలు. ఫలానా ముగ్గురు చావాలని మంచుకొండను నమ్ముకున్నవాడు ఎంత గుడ్డి పందెం కాసి ఉండాలి! ఎడమ పక్క పడవల దగ్గర రెండో ఆఫీసర్ లైటాలర్ ఉన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు తప్ప ఇంకెవరినీ ఎక్కనిచ్చేది లేదన్నాడు. కుడి పక్క ఫస్ట్ ఆఫీసర్ మర్డాక్ ఉన్నాడు. దగ్గర్లో ఆడవాళ్లు లేకపోతే మగవాళ్లను ఎక్కనిచ్చాడు. ఒకటో నంబరు పడవ 40 మంది పట్టేది, 12 మందితో వెళ్లిపోయింది. మొదటి తరగతి మగవాళ్లు 175 మందిలో 57 మంది బతికారని బ్రిటిష్ విచారణ లెక్క. అంటే ముగ్గురిలో ఒకరు. ఆస్టర్ చేసిన పొరపాటల్లా ఎడమ పక్కకు వెళ్లడమే. గర్భవతి అయిన 18 ఏళ్ల భార్య మాడలిన్‌ను నాలుగో నంబరు పడవలో కూర్చోబెట్టి, తనూ ఎక్కొచ్చా అని అడిగాడు. లైటాలర్ కుదరదన్నాడు. ఆయన అడిగిందే అవతలి పక్క మర్డాక్‌ను అడిగి ఉంటే?

స్ట్రాస్‌కు 67 ఏళ్లు. ముసలాయన కదా, మీరు ఎక్కండి, ఎవరూ ఏమీ అనరు అని పక్కవాళ్లే చెప్పారు. మిగతా మగవాళ్ల కంటే ముందు నేను ఎక్కను అన్నాడు. ఆయన్ని వదిలి వెళ్లనని భార్య ఐడా పడవ దగ్గర నుంచి వెనక్కి వచ్చేసింది. హత్యకు గురికావాల్సిన మనిషికి హంతకులు సీటు ఇస్తామన్నారు, ఆయనే వద్దన్నాడు, ఇదీ ఫార్వర్డ్ మనల్ని నమ్మమంటున్న కథ. గుగెన్‌హైమ్ అయితే స్వెట్టరు, లైఫ్ జాకెట్ విప్పేసి సూటు వేసుకుని వచ్చాడని ఆయన గదులు చూసిన స్టీవార్డు ఎచెస్ చెప్పాడు.

ఆ నాలుగో నంబరు పడవ దగ్గరే ఇంకో సంగతి జరిగింది. ఓడల మార్పిడి వాదాన్ని ఇది కూడా కొట్టేస్తుంది. కెప్టెన్ స్మిత్ ప్రయాణికుల్ని ఎ డెక్‌కు దిగి అక్కడి నుంచి పడవ ఎక్కమన్నాడు. ఆ డెక్ గాజు కిటికీలతో మూసి ఉంది కదా సార్, మర్చిపోయారా అని హ్యూ వుల్నర్ అనే ప్రయాణికుడు గుర్తు చేశాడు. అవును నిజమే, వాళ్లను వెనక్కి పిలవండి అన్నాడు స్మిత్. అమెరికా సెనేట్ విచారణలో వుల్నర్ చెప్పిన మాట ఇది. స్మిత్ అంతకు ముందు నెలల తరబడి నడిపింది ఎ డెక్ బాహాటంగా ఉన్న ఒలింపిక్‌ను. అలవాటులో ఒలింపిక్‌లో ఉన్నాననుకున్నాడు. ఓడ మాత్రం ఒలింపిక్ కాదు. ఆ కిటికీలు తెరిచే గందరగోళంలోనే నాలుగో నంబరు పడవ బాగా ఆలస్యమైంది.

కాలిఫోర్నియన్ వాదనలో కొంచెం పస ఉంది. ఆ ఓడ కూడా మోర్గాన్ సంస్థ కిందిదే. ప్రయాణికుల్లేరు. టైటానిక్‌కు కొన్ని మైళ్ల దూరంలో, మంచు మధ్య రాత్రంతా ఆగి ఉంది. కానీ రక్షించడానికి కాచుకుని ఉన్న ఓడ ప్రవర్తన ఇలా ఉంటుందా? దాని వైర్‌లెస్ ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్ రాత్రి పదకొండు ప్రాంతంలో, మేం మంచులో చిక్కుకుని ఆగిపోయాం అని టైటానిక్‌కు చెప్పబోయాడు. ప్రయాణికుల టెలిగ్రాంలు పంపే హడావుడిలో ఉన్న టైటానిక్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ నోరుముయ్యి, పనిలో ఉన్నా అని కసిరాడు. ఎవాన్స్ ఇంకాసేపు విని, సెట్టు కట్టేసి పడుకున్నాడు. పది నిమిషాలు అటూఇటూగా, 11.40కి టైటానిక్ మంచుకొండను తాకింది. కాలిఫోర్నియన్‌లో ఉన్న ఆపరేటర్ ఎవాన్స్ ఒక్కడే. తర్వాత స్టోన్, గిబ్సన్ అనే ఇద్దరు డెక్ మీద నుంచి ఎనిమిది రాకెట్లు (ఓడలు ఆపదలో వదిలేవి) చూశారు. తమ కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌కు చెప్పారు. దీపంతో మోర్స్ సంకేతాలు ఇస్తూ ఉండమన్నాడు, తను లేవలేదు, ఎవాన్స్‌ను లేపించలేదు. ఇదంతా లార్డ్ మెడకు జీవితాంతం చుట్టుకుంది. నిర్లక్ష్యమా, అపార్థమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. రక్షణ పథకం అనే మాట మాత్రం ఇందులో ఎక్కడా ఇమడదు. వచ్చి జనాన్ని ఎక్కించుకుంది పోటీ కంపెనీ కునార్డ్ వాళ్ల కార్పేథియా. 58 మైళ్ల అవతల నుంచి, మంచుకొండల మధ్య, చీకట్లో, కెప్టెన్ రాస్ట్రన్ పూర్తి వేగంతో తెచ్చాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు చేరాడు.

సిబ్బంది నోళ్లు మూయించారన్నది అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించే వాదన. ఓడ మునిగిన క్షణం నుంచి, అంటే తెల్లవారుజామున 2.20 నుంచి, బతికిన సిబ్బందికి జీతం ఆగిపోయింది. అప్పటి నౌకా ఒప్పందాల పద్ధతే అంత, ఓడ లేకపోతే ఉద్యోగం లేదు. చనిపోయిన వయొలిన్ వాద్యకారుడు జాక్ హ్యూమ్ తండ్రికి, కొడుకు యూనిఫాం తాలూకు బాకీ కట్టమని ఏజెంట్ల దగ్గర్నుంచి బిల్లు వెళ్లింది. సిబ్బందిలో చాలామంది ఊరైన సౌతాంప్టన్‌లో వీధికి వీధి ఇంటి దిక్కును పోగొట్టుకుంది. ఈ మనుషులు కంపెనీ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని కాపాడారా? వాళ్లు చేసింది దానికి పూర్తిగా ఉల్టా. ఓడ మునిగిన తొమ్మిది రోజులకే, ఏప్రిల్ 24న, ఒలింపిక్ బాయిలర్లలో బొగ్గు వేసే కార్మికులు పని మానేశారు. హడావుడిగా తెచ్చిపెట్టిన మడత పడవలు నమ్మదగ్గవి కావు, వీటితో మేం ఎక్కం అన్నారు. ప్రయాణం రద్దయింది. ఆ గొడవలో 54 మంది నావికుల మీద తిరుగుబాటు కేసు పెట్టారు. మార్పిడి సంగతి తెలిసి ఉంటే వాళ్లు గొడవ పడేది మడత పడవల గురించేనా?

విచారణల్లో కూడా సిబ్బంది బాగానే మాట్లాడారు. న్యాయమూర్తి లార్డ్ మెర్సీ కూర్చున్న బ్రిటిష్ విచారణలో 25 వేలకు పైగా ప్రశ్నలు వేశారు. ఫ్రెడ్ బారెట్ అనే లీడింగ్ ఫైర్‌మన్ (బాయిలర్లలో బొగ్గు వేసేవాళ్ల మేస్త్రీ) బొగ్గు గదిలో మంట గురించి అక్కడే చెప్పాడు. బెల్ఫాస్ట్ నుంచీ ఒక బొగ్గు గది కాలుతూనే వచ్చిందని, ప్రమాదానికి ముందురోజు దాకా దాన్ని ఖాళీ చేస్తూనే ఉన్నామని. ఇప్పుడు 'దాచిపెట్టిన అగ్నిప్రమాదం' పేరుతో తిరుగుతున్న వీడియోలన్నిటికీ మూలం 1912లో అచ్చయిన ఆ సాక్ష్యమే. దాచింది ఎవరు?

ఆ బారెట్ బయటపడింది 13వ నంబరు పడవలో. అదే పడవలో రూత్ బెకర్ అనే పన్నెండేళ్ల పిల్ల ఉంది. వచ్చింది మన గుంటూరు నుంచి. తండ్రి అక్కడ లూథరన్ మిషనరీ. తమ్ముడు రిచర్డ్‌కు జబ్బు చేస్తే తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ తీసుకుని అమెరికా బయల్దేరింది, తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. తల్లీ, చిన్నపిల్లలిద్దరూ 11వ నంబరులో వెళ్లిపోయారు. అది నిండిపోయిందన్నారు, రూత్ పక్క పడవ ఎక్కింది. 13వ నంబరు కిందికి దిగాక, ఓడ పక్క నుంచి వచ్చే నీటి ధారకు వెనక్కి కొట్టుకుపోయి, పైనుంచి దిగుతున్న 15వ నంబరు పడవ కిందికి చేరింది. నెత్తి మీదికి వచ్చేసేలోపు తాళ్లు కోసి తప్పించుకున్నారు. నలుగురూ మళ్లీ కార్పేథియా మీదే కలుసుకున్నారు. ఓడ రెండు ముక్కలైంది అని చూసినవాళ్లలో రూత్ ఒకరు. అఖండంగా మునిగిందన్న లైటాలర్ మాటనే మెర్సీ నివేదిక తీసుకుంది. 73 ఏళ్ల తర్వాత బల్లార్డ్ కెమెరాకు ఓడ రెండు ముక్కలుగానే దొరికింది. రూత్ 1990 దాకా బతికారు. అధికారిక మాట తప్పని తేలడం అంటే ఇలా ఉంటుంది. సాక్షులుంటారు, పేర్లుంటాయి, వెళ్లి చూస్తే వస్తువు దొరుకుతుంది.

మరి ఇంతమంది ఎందుకు పోయారు? దీనికి రహస్యం అక్కర్లేదు, అంతా బాహాటంగా, చట్టప్రకారమే జరిగింది. పది వేల టన్నులు దాటిన ఓడకు 16 పడవలు చాలని 1894 నాటి బ్రిటిష్ రూలు. టైటానిక్ అంతకు నాలుగున్నర రెట్లు పెద్దది, పడవలు 20. అంటే రూలు కంటే ఎక్కువే. వాటిలో 1,178 మంది పడతారు, ఓడలో ఉన్నది 2,200 మంది. బెల్ఫాస్ట్‌లో ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ రోజంతా మంచు హెచ్చరికలు వస్తున్నా వేగం తగ్గించలేదు, అప్పటి కెప్టెన్లందరి ఆనవాయితీ అదే. బ్రిటిష్ లెక్క ప్రకారం 1,490 మంది చనిపోయారు. మొదటి తరగతి ఆడవాళ్లు 144 మందిలో పోయింది నలుగురు. మూడో తరగతి పిల్లలు 79 మందిలో పోయింది 52 మంది. ఆ మూడో తరగతి నుంచి ఒక్క ప్రయాణికుణ్ని కూడా బ్రిటిష్ విచారణ సాక్ష్యానికి పిలవలేదు. ముగ్గురు కోటీశ్వరుల కోసం ఇన్నేళ్లుగా కన్నీళ్లు పెట్టుకుంటున్న సందేశంలో ఈ పిల్లల లెక్క ఒక్కసారి కూడా కనబడదు.

డబ్బు వాసన పట్టాలనుకుంటే దానికీ చోటుంది. కంపెనీ అమెరికా కోర్టుకు వెళ్లి, తన బాధ్యతకు హద్దు పెట్టమని అడిగింది. అక్కడి చట్టం ప్రకారం ప్రమాదం తర్వాత ఓడలో మిగిలినదాని విలువ వరకే యజమాని బాధ్యుడు. మిగిలింది ఏమిటి? కార్పేథియా న్యూయార్క్‌కు తెచ్చిన లైఫ్‌బోట్లు, వసూలైన టికెట్, సరుకు రవాణా డబ్బు. అన్నీ కలిపి దాదాపు 97 వేల డాలర్లు. ఓడ బ్రిటిష్‌దైనా ఈ చట్టం వాడుకోవచ్చని 1914లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అడిగిన పరిహారాలు కోటీ అరవై లక్షల డాలర్ల పైమాట. ఆ చిట్టాలో 5 వేల డాలర్ల రెనో కారు ఉంది. మూడో తరగతిలో వచ్చిన ఐరిష్ కుర్రాడు యూజీన్ డేలీ తన బ్యాగ్‌పైపుకు అడిగిన 50 డాలర్లు కూడా ఉంది. చివరికి 1916లో అందరికీ కలిపి 6 లక్షల 64 వేల డాలర్లకు రాజీ కుదిరింది. కోర్టు కాగితాలు ఉన్నాయి, ఎవరైనా తీసి చదువుకోవచ్చు.